గంగాభవాని వేలిముద్ర పడలేదు

తెలుగు పాఠాలు చెప్పుకునే నన్ను పట్టుకొచ్చి ఆటోమొబైల్ కోర్సుకి ఇన్‌ఛార్జిని చేశారంటే అందులో నా తప్పేమీ లేదని ముందుగానే మనవి చేసుకుంటున్నాను. బండి గురించి నాకు తెలిసినవి రెండే ముక్కలు. ఒకటి, కిక్కు కొట్టాలి. రెండు, ఎన్ని కొట్టినా స్టార్టు కాకపోతే దారిన పోయేవాణ్ణి బతిమాలి తోయించుకోవాలి. ఈ పాండిత్యంతో ఇంటర్మీడియట్ పిల్లలకి ఇంజిను గురించి చెప్పమంటే చెప్పాను. ప్రభుత్వోద్యోగికి రానిదంటూ ఏదీ ఉండకూడదు.

జరిగిందేమిటంటే, గోదావరి గట్టు పక్కనున్న మా ప్రభుత్వ జూనియర్ కాలేజీకి కొత్తగా ఆ కోర్సు మంజూరైంది. లెక్చరరు పోస్టు మాత్రం మంజూరు కాలేదు. ప్రిన్సిపాలు చిదంబరం గారు స్టాఫునంతా కూర్చోబెట్టి, "మీలో సొంత వాహనం కలిగి, దానితో చిరకాల అనుబంధం ఉన్నవారెవరు?" అని అడిగారు. అందరూ తలలు దించుకున్నారు. నా పాత స్కూటరు మాత్రం కిటికీలోంచి కనబడుతూనే ఉంది, కింద నూనె మడుగుతో సహా. "అనుభవజ్ఞులు మన మధ్యనే ఉన్నారు," అన్నారాయన నా వైపు తిరిగి. అప్పుడు చప్పట్లు కొట్టిన లెక్కల మాస్టారితో నేను ఇప్పటికీ మాట్లాడను.

కోర్సు మంచిదే, అబద్ధమెందుకు? పొద్దున్న కాలేజీలో పాఠం. మధ్యాహ్నం నుంచి ఊళ్లో డీజిలు వీర్రాజు షెడ్డులో అప్రెంటిస్‌గా పని. అలా చదువూ పనీ కలిపి చేసి పరీక్ష గట్టెక్కినవాళ్లని బస్సు డిపో గరాజులోకి తీసుకుంటారు. పదోక్లాసు అయిన పిల్లలకి ఇంతకన్నా ఏం కావాలి?

మొదటి రోజు, ఈ కోర్సులో ఎందుకు చేరారో చెప్పమన్నాను. "మిగతా గ్రూపుల్లో సీట్లయిపోయాయండి," అన్నారు సగం మంది. రొయ్యల చెరువుల ఆసామి కొడుకు మణికంఠ లేచి, "మా లారీ డ్రైవర్లు మా నాన్నని మోసం సేత్తన్నారంటండి. ఎలా సేత్తన్నారో కనిపెట్టమన్నాడండి," అన్నాడు. ఆఖరి బెంచీలో ఒక్కత్తే ఆడపిల్ల ఉంది. పేరు గంగాభవాని.

"మా నాన్న లారీ డ్రైవరండి," అంది ఆ పిల్ల. "బండాగిపోతే రోడ్డు పక్కన తిండీ తిప్పలూ లేకుండా మెకానిక్కు కోసం కూకుంటాడండి. ఆ మెకానిక్కు నేనే అవుదామనండి. అమ్మేమో ఆడపిల్లకి స్పానర్లేంటే అంటందండి. డిపోలో సీటొత్తే ఇంకేమీ అననందండి. రాపోతే మాత్రం చదువు మానిపించి కుట్టుమిషన్ మీద కూకోబెడతానందండి."

అని కూర్చోబోతూ కిటికీలోంచి బయటికి చూసింది. "మాస్టారండీ, మీ బండి ఆయిలు కారతందండి. గాస్కెట్టు పోయినట్టుంది. ఇప్పి సూడనా అండి?"

"రేపు చూద్దాంలేమ్మా," అన్నాను. ఆ రేపు వచ్చేలోగా వేలిముద్రల యంత్రం వచ్చింది.

యంత్రంతోపాటు త్రిపురాంతకం గారు కూడా వచ్చారు. ఆయన జిల్లాకంతటికీ హాజరు పర్యవేక్షణ నోడల్ అధికారి. ప్రిన్సిపాలు గది బయట గోడకి యంత్రాన్ని బిగించి, దానికి దండ వేసి, ఆయన మాట్లాడారు. "మనిషి అబద్ధం చెప్పవచ్చు. రిజిస్టరు అబద్ధం చెప్పవచ్చు. వేలు అబద్ధం చెప్పదు. తద్వారా పారదర్శకత. తద్వారా జవాబుదారీతనం. తద్వారా నైపుణ్యాభివృద్ధి." పొద్దున్న వచ్చేటప్పుడొకసారి, సాయంత్రం షెడ్డు నుంచి వచ్చాక ఒకసారి కుడిచేతి బొటనవేలు దాని అద్దం మీద పెట్టాలి. గుర్తుపడితే ఆ యంత్రంలోంచి ఒక ఆడగొంతు "ధన్యవాదాలు" అంటుంది. గుర్తుపట్టకపోతే "దయచేసి మళ్లీ ప్రయత్నించండి" అంటుంది. నూటికి డెబ్బై అయిదు పాళ్లు ధన్యవాదాలు లేనివాళ్లకి హాల్‌టికెట్ లేదు. మేష్టర్లకీ ఇదే, టూరుకొచ్చిన అధికారులకీ ఇదేనట. ఆయన గర్వంగా తన వేలు పెట్టి చూపించారు. "ధన్యవాదాలు," అంది యంత్రం. మేమంతా చప్పట్లు కొట్టాం. నేను లెక్కల మాస్టారికన్నా గట్టిగా కొట్టాను.

దసరాకి మా అటెండరు నూకరాజు ఆయుధపూజ చేశాడు. కాలేజీ గంటకి, గడ్డపారకి, నా స్కూటరుకి బొట్లు పెట్టి, భక్తి మిగిలిపోయిందేమో, యంత్రానికి కూడా నిండుగా పసుపు రాసి కుంకుమ పెట్టాడు. సరిగ్గా వేలు పెట్టే అద్దం మీద పెట్టాడు. అది దాని నుదురనుకున్నాట్ట. సెలవులయ్యి తిరిగొచ్చాక ప్రిన్సిపాలుతో సహా ఒక్కడి వేలూ పడలేదు. కాలేజీ మొత్తం గైర్హాజరయిందని జిల్లా నుంచి సంజాయిషీ అడిగారు. చిదంబరం గారు మూడు పేజీల జవాబు రాశారు. "యంత్రములకు బొట్టు పెట్టరాదు, పెట్టవలసి వచ్చినచో నిర్దేశిత ప్రదేశమునందు మాత్రమే పెట్టవలెను" అని సర్క్యులరు వచ్చింది. ఆ నిర్దేశిత ప్రదేశం ఎక్కడో ఇప్పటికీ నిర్దేశించలేదు.

సరే, అద్దం తుడిచాక అందరి వేళ్లూ పడ్డాయి. గంగాభవాని వేలు పడలేదు.

ఎలా పడుతుంది? ఆ పిల్ల మధ్యాహ్నమంతా వీర్రాజు షెడ్డులో లారీల కింద దూరి ఉంటుంది. చేతులకి గ్రీజు, గోళ్లలో మసి. డీజిలుతో కడిగీ కడిగీ, ఇనుముతో గీరుకునీ గీరుకునీ వేలి మీద గీతలే అరిగిపోయాయి. పొద్దున్నే సబ్బుతో తోముకుని వచ్చినా యంత్రం "దయచేసి మళ్లీ ప్రయత్నించండి" అనే అంటుంది. నూకరాజు తనకు తెలిసిన వైద్యాలన్నీ చేయించాడు. "వేలు జుట్టుకి రాయమ్మా, సెమ్మ తగలాలి. ముక్కు పక్కన రుద్దు. ఊదు. ఆఁ, ఇప్పుడెట్టు." "దయచేసి మళ్లీ ప్రయత్నించండి." వాళ్లమ్మ కూతురి సరదా తనకి నచ్చకపోయినా నిమ్మచెక్కతో తోమి, మీగడ రాసి పంపేది. అదీ లాభం లేకపోయింది.

మణికంఠా, వాడి జట్టూ మాత్రం షెడ్డు ఎదురుగా టీకొట్టు బల్ల మీద సాయంత్రం దాకా కూర్చుని, నేరుగా వచ్చి వేలు పెట్టేవాళ్లు. "ధన్యవాదాలు, ధన్యవాదాలు, ధన్యవాదాలు." చూస్తున్నకొద్దీ నాకు ఒళ్లు మండిపోయేది.

పని చేసేవాళ్ల వేళ్లు పడటం లేదండీ, చెయ్యనివాళ్లవి పడుతున్నాయండీ, ఏం చెయ్యమంటారని జిల్లాకి రాశాను. వెంటనే జవాబొచ్చింది. "యంత్రమునందు దోషము లేదని తయారీదారులు ధ్రువీకరించియున్నారు. కావున సదరు దోషము వ్రేలియందు కలదు. అభ్యర్థులు తమ కుడి బొటనవ్రేలిని ప్రభుత్వ ఆస్తిగా భావించి, శిక్షణాకాలము ముగియువరకు మరక, గీత, రాపిడి లేకుండ కాపాడవలెను. సదరు వ్రేలిని పనియందు వినియోగించరాదు."

ఆ కాగితం పట్టుకుని వీర్రాజు షెడ్డుకి వెళ్లాను. వీర్రాజు మోటు మనిషి, మంచివాడు. పూర్తిగా విన్నాడు.

"అంటే బొటనేలు ముట్టుకోకుండా నట్టు తిప్పమంటారు."

"అంతే."

"మాస్టారూ, మీరోపాలి బొటనేలు పక్కనెట్టి అన్నం కలుపుకుని సూపిద్దురూ, సూసి నేర్సుకుంటాం."

"నేను రాసింది కాదయ్యా ఇది."

"తెలుసండి. మీ మొహం సూత్తేనే తెలుత్తంది."

షెడ్డులో అప్రెంటిస్‌ల చేత వేలు ముట్టించకుండా పని చేయించాలని చూశాం. మిగిలిన నాలుగు వేళ్లతో స్పానరు పట్టుకున్న ఒక కుర్రాడు దాన్ని వీర్రాజు కాలి మీద పడేశాడు. ఇంకొకడు జాకీ రాడ్డుని మోచేత్తో తిప్పబోయి దవడ వాచి ఇంటికి పోయాడు. ఇది కూడా జిల్లాకి రాశాను. జిల్లా వారు తీవ్రంగా ఆలోచించి, "స్పర్శరహిత శిక్షణా విధానము" ప్రవేశపెట్టారు. షెడ్డులో బెంచీలు వేయాలి. అభ్యర్థులు చేతులు కట్టుకుని కూర్చుని మరమ్మతుని వీక్షించాలి. ఏ ఒక్కరూ ఏ వస్తువునీ ముట్టుకోవడం లేదని నిరూపించే ఫొటో ఇన్‌ఛార్జి లెక్చరరు రోజూ పంపాలి. ఆ ఇన్‌ఛార్జిని నేనే కాబట్టి రోజూ పంపాను.

"పెళ్లిసూపులకొచ్చినట్టు కూకున్నారేటండీ ఈళ్లు," అనేవాడు వీర్రాజు లారీ కిందనుంచి. "కాఫీలవీ ఇమ్మంటారా?"

ఫొటో తియ్యగానే గంగాభవాని మాత్రం బెంచీ దిగి లారీ కింద దూరిపోయేది. నేను చూడనట్టు అటు తిరిగి నిలబడేవాణ్ణి. ఒకరోజు ఇంటికి వెళ్తుంటే వెనకాలే వచ్చి, "మాస్టారండీ, బండి కింద మడుగు పెద్దదయ్యిందండి. అరగంట పనండి," అంది.

"వద్దమ్మా. నా స్కూటరు కోసం ఉన్న కాస్త గీతలూ పోగొట్టుకుంటావా? ముట్టుకున్నావంటే ఊరుకోను," అని కసిరాను.

అప్పుడే వేలి సంరక్షణ వారోత్సవాలు కూడా వచ్చిపడ్డాయి. "నీ వేలే నీ వెలుగు" అంటూ పిల్లల చేత ఊరేగింపు చేయించాం. వ్యాసరచన పోటీ పెట్టాం. ఆడపిల్లలకి ముగ్గులపోటీ కూడా ఉంది గానీ, ముగ్గు వెయ్యడానికి బొటనవేలు కావాలని ఎవరో గుర్తుచేస్తే రద్దు చేశాం. ఆఖరి రోజు "ఉత్తమ అంగుష్ఠ" పురస్కారం ఇచ్చారు. త్రిపురాంతకం గారు స్వయంగా భూతద్దం పెట్టి వేళ్లు పరిశీలించారు. మణికంఠ వేలు చూసి ఆయన మొహం విప్పారింది.

"ఎంత స్వచ్ఛంగా ఉందండీ! ఒక్క గీతా చెదరలేదు. బాబూ, ఇంత క్రమశిక్షణ ఎలా సాధ్యమైంది?"

"నేనేం సెయ్యలేదండి," అన్నాడు మణికంఠ. పిల్లాడు నిజాయితీపరుడు.

"అదే కదా గొప్పతనం!" అని శాలువా కప్పారు.

సంక్రాంతి సెలవులు వెళ్లాయి, ఫిబ్రవరి వచ్చింది. చిదంబరం గారు గంగాభవానిని పిలిపించారు. ఆయనేం చెడ్డవారు కారు. రిటైరు కాబోతున్నారు, భయం. "అమ్మా, నీ హాజరు పాతిక పాళ్లు కూడా లేదు. హాల్‌టికెట్ రాదు. ఇప్పటికైనా ఆ షెడ్డు మానేసి వేలు జాగ్రత్త చేసుకుంటే వచ్చే సంవత్సరం చూద్దాం," అన్నారు.

ఆ పిల్ల బయటికొచ్చి వరండాలో నా ముందు నిలబడింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు, కోపంగా ఉంది.

"మాస్టారండీ, నాకర్థం గాక అడుగుతాను. పని మానేత్తే వేలు పడతాదండి. వేలు పడితే పరీక్ష రాత్తానండి. పరీక్ష రాత్తే డిపోకెల్తానండి. డిపోలో బస్సు బాగుసెయ్యమంటారు గదండీ. అప్పుడు వేలు సూపించనా?"

పద్యాలకి ప్రతిపదార్థాలు చెప్పి ఇన్నేళ్లు బతికినవాణ్ణి, "సర్క్యులరు అలా ఉందమ్మా," అన్నాను. సిగ్గేసింది. ఆ పిల్ల మీద జాలీ, యంత్రాన్ని ఊడబెరికి గోదాట్లో పారెయ్యాలన్నంత కోపం కూడా వచ్చాయి. అయినా నేనూ సాయంత్రం అయిదింటికి దాని మీద వేలు పెట్టే ఇంటికి పోయాను.

నెలాఖరుకి త్రిపురాంతకం గారు తనిఖీకొచ్చారు. స్పర్శరహిత శిక్షణ మా జిల్లాలో ఎంత విజయవంతమైందో సాయంత్రం కలెక్టరేట్‌లో పై అధికారుల ముందు ఆయన వివరించాలి. దానికి కావలసిన వివరాలు మా దగ్గర తీసుకుని వెళ్లాలి. గైర్హాజరైన విద్యార్థులు ఆ రోజు ఆవరణలో కనబడకూడదని ముందే కబురు పెట్టారు. అందుకని గంగాభవాని గేటు బయట నిలబడింది. లోపల మంచి వేళ్లవాళ్లందరూ వరసగా నిలబడి ఆయనకి బొటనవేళ్లు చూపించారు. ఆయన వివరాలు తీసుకున్నారు, ఉప్మా తిన్నారు, కారెక్కారు. డ్రైవరు తాళం తిప్పాడు.

టిక్కుమంది. అంతే.

మళ్లీ తిప్పాడు. మళ్లీ టిక్కుమంది.

"చింతలేదు!" అన్నారు త్రిపురాంతకం గారు, దిగుతూనే. "ఇది దైవఘటన. మన అభ్యర్థుల నైపుణ్యాన్ని ప్రత్యక్షంగా చూసే అవకాశం. ఏం బాబూ, ఉత్తమ అంగుష్ఠ! రా."

మణికంఠ వచ్చి బానెట్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. షెడ్డులో బెంచీ మీద ఎలా కట్టుకున్నాడో అలాగే.

"చెప్పు. ఏమిటి లోపం?"

"ఇంజిను అనగా ఇంధనములోని శక్తిని యాంత్రిక శక్తిగా మార్చు సాధనమండి."

"శభాష్! మరి మార్చు."

వాడు చేతులు కట్టుకునే ఇంజిను వైపు జాలిగా చూశాడు. మిగతావాళ్లూ చుట్టూ చేరి శ్రద్ధగా వీక్షించారు. వీక్షించడంలో మా పిల్లల్ని వంక పెట్టడానికి లేదు. ఎంతసేపు వీక్షించినా కారు స్టార్టు కాలేదు. త్రిపురాంతకం గారు గడియారం చూసుకుని నుదురు తుడుచుకున్నారు. అప్పటికి నూకరాజు ఓపిక నశించి, గేటు దగ్గరికి పోయి, "ఏమే పిల్లా, రా ఇలాగ!" అని కేకేశాడు.

గంగాభవాని వచ్చింది. బానెట్లో తొంగి చూసింది. బ్యాటరీ మీద తీగ బిగించే చోట పచ్చగా చిలుం పట్టి, నట్టు వదులైపోయి ఉంది. టీకొట్టు నుంచి వేడినీళ్లు తెప్పించి పోసి, గుడ్డతో తుడిచి, సంచిలోంచి స్పానరు తీసి బిగించింది. "తిప్పండి," అంది డ్రైవరుతో. ఇంజిను అందుకుంది.

"అద్భుతం!" అని త్రిపురాంతకం గారు పులకించిపోయారు. "రాయండి, రాయండి. కలెక్టరేట్‌లో ఇదే చెబుతాను. మరమ్మతు చేసిన అభ్యర్థి పేరు?"

పేరు చెప్పాను. ఆయన తన ట్యాబులో చూసుకున్నారు. మొహం మారిపోయింది.

"ఈ అభ్యర్థి ఈ రోజు గైర్హాజరు. అసలు సంవత్సరమంతా గైర్హాజరే!"

"మీ ఎదురుగానే ఉన్నాను గదండీ," అంది భవాని.

"నువ్వు ఎదురుగా ఉండడం వేరు, హాజరు కావడం వేరమ్మా. రాని మనిషి నా కారు బాగుచేసిందని ఎలా రాస్తాను? ఆడిట్ వాళ్లు ఊరుకుంటారా? రికార్డు ప్రకారం నువ్విక్కడ లేవు."

"అంటే నేను రానట్టేనాండి?"

"రానట్టే."

"అయితే నేను బిగించిన నట్టు కూడా బిగించనట్టే గదండీ," అంటూ ఆ పిల్ల నింపాదిగా వంగి, స్పానరు వేసి ఆ నట్టు వదులు చేసేసింది. మాటలు తెమిలేలా లేవని ఇంజిను ఆపేసి ఉన్న డ్రైవరు మళ్లీ తాళం తిప్పి చూశాడు. టిక్కుమంది. భవాని స్పానరు సంచిలో వేసుకుని పక్కకి జరిగి నిలబడింది. "లేని మనిషినండి. నేనేం సెయ్యగలను?"

నాకు ఈల వెయ్యాలనిపించింది. చిదంబరం గారు గోడకి చేరగిలబడ్డారు.

"డ్రైవర్, నువ్వు బిగించు!" అన్నారు త్రిపురాంతకం గారు.

"నేనూ టూరు అయ్యాక వేలెయ్యాలి గదండీ," అన్నాడు డ్రైవరు. "మరకంటితే నా హాజరు పోద్దండి. స్టీరింగు తప్ప మరేదీ ముట్టుకోవద్దని తమరే సర్క్యులరు ఇచ్చారండి." త్రిపురాంతకం గారు పిల్లల వైపు తిరిగారు. అందరూ బొటనవేళ్లు జేబుల్లో పెట్టేసుకున్నారు. ఏ మాటకి ఆ మాట, సర్క్యులర్లని అంత నిష్ఠగా పాటించిన కాలేజీ ఇంకోటి ఉండదు.

ఇక లాభం లేదని త్రిపురాంతకం గారే చొక్కా చేతులు మడిచి రంగంలోకి దిగారు. స్పానరు లేదు. ఉత్త చేత్తో ఆ నట్టుని పట్టి పీకారు, తోశారు, తిట్టారు. చేతులు నల్లగా, పచ్చగా అయ్యాయి. వేలు ఒకచోట గీరుకుపోయింది. నట్టు మాత్రం బిగుసుకోలేదు. "బస్సులో పోతాను!" అని విసురుగా యంత్రం దగ్గరికి నడిచారు. ఇందాక కారెక్కే తొందరలో మరిచిపోయారు గానీ, వెళ్లేముందు తనిఖీ పూర్తయినట్టు వేలు పెట్టాలి. పెట్టారు.

"దయచేసి మళ్లీ ప్రయత్నించండి."

మళ్లీ పెట్టారు. మళ్లీ అదే మాట.

"జుట్టుకి రాయండి బాబూ, సెమ్మ తగలాలి," అన్నాడు నూకరాజు ఆత్రంగా. ఆయనకి బట్టతల. "పోనీ ముక్కు పక్కన రుద్దండి. ఊదండి. ఆఁ, ఇప్పుడెట్టండి." జిల్లా హాజరు పర్యవేక్షణ నోడల్ అధికారి మసి చేత్తో ముక్కు రుద్దుకుని, ఊది, పెట్టారు. "దయచేసి మళ్లీ ప్రయత్నించండి," అంది యంత్రం, మా అందరితో ఎంత మర్యాదగా అంటుందో అంత మర్యాదగానూ.

"అయితే సార్ రానట్టేనాండి?" అని అడిగింది భవాని.

నల్లటి ముక్కుతో త్రిపురాంతకం గారు యంత్రాన్ని చూశారు, తన వేలుని చూసుకున్నారు. సామాన్యుడైతే అక్కడే, ఈ యంత్రం తప్పు అనేసేవాడు. ఆయన సామాన్యుడు కాదు.

"నేను వచ్చాను," అన్నారు గంభీరంగా. "నా హోదాలో ఉన్న వ్యక్తి రాకపోవడం అసంభవం. యంత్రం కూడా తప్పు చెప్పదు. మరి ఎందుకు గుర్తించలేదు? ఎందుకంటే నేను పని చేశాను. కనుక, యంత్రం గుర్తించకపోవడమే పనికి నిదర్శనం. రాసుకోండి మాస్టారూ!"

వరండా స్తంభం మీద కాగితం పెట్టుకుని రాసుకున్నాను. "యంత్రము గుర్తించని వ్రేలు గల అభ్యర్థి పనియందు నిమగ్నుడైనట్లు భావించి హాజరుగా పరిగణించవలెను. యంత్రము గుర్తించిన వ్రేలు గల అభ్యర్థి పనికి దూరముగా ఉన్నట్లు భావించి గైర్హాజరుగా పరిగణించవలెను." కలం ఆపి, భయపడుతూనే, "విద్యాసంవత్సరం మొదటినుంచీ వర్తిస్తుందని కూడా రాయమంటారా సార్?" అన్నాను. పొద్దున్న వచ్చినప్పుడు యంత్రం తన వేలుని గుర్తుపట్టి ధన్యవాదాలు చెప్పినట్టు గుర్తొచ్చిందో ఏమో, ఆయన ఒక్క క్షణం తటపటాయించారు. తర్వాత గడియారం చూసుకుని, "వర్తిస్తుంది, వర్తిస్తుంది," అని మసి వేలితోనే సంతకం పెట్టారు. భవాని వెళ్లి నట్టు బిగించింది. కారు వెళ్లిపోయింది.

ఆ ఒక్క సంతకంతో సంవత్సరమంతా రాని పిల్ల కాలేజీలో అందరికన్నా ఎక్కువ వచ్చిన పిల్లయింది. మణికంఠ ఒక్కరోజు కూడా రానివాడయ్యాడు. వాడు పరుగెత్తుకొచ్చి, "మాస్టారండీ, శాలువా తిరిగిచ్చెయ్యాలా అండి?" అని అడిగాడు. పరీక్షల్లోపు మిగిలిన రోజులన్నీ హాజరైతే హాల్‌టికెట్ ఇస్తామని జిల్లా వారు దయతలిస్తే, ఆ హాజరు కూడబెట్టుకోవడానికి ఆ జట్టంతా నానా తంటాలూ పడింది. టీకొట్టువాడు బల్ల మీద మసినూనె గిన్నె పెట్టాడు. టీ తాగి వేలు ముంచుకుని రావడమే. వీర్రాజు అది చూసి ఉగ్రుడైపోయాడు. "ఎలాగూ మసి పూసుకోడానికే వత్తన్నారు, ఆ సక్రం నట్లు ఇప్పి పొండెహె! మసికి మసి, పనికి పని," అని షెడ్డులోకి ఈడ్చుకుపోయాడు. అలా కొందరికి తెలియకుండానే పని కూడా వచ్చింది. మణికంఠ అయితే డ్రైవర్లు తమ నాన్నని ఎలా మోసం చేస్తున్నారో కనిపెట్టేశాడు. చెప్పొద్దని వాళ్లు బతిమాలితే ఊరుకున్నాట్ట.

పరీక్షలకి ముందు సెలవులిచ్చారు. మొదటి పరీక్ష రోజు హాలు గుమ్మంలోనే యంత్రాన్ని బిగించారు. కొత్త నిబంధన ప్రకారం, యంత్రం ధన్యవాదాలు చెప్పినవాడు పని చెయ్యనివాడు కాబట్టి వాడికి లోపలికి ప్రవేశం లేదు. పిల్లలంతా వేళ్లకి నిండుగా మసి పూసుకుని, హాల్‌టికెట్లకి అంటకుండా చేతులు పైకెత్తి పట్టుకుని వరసలో నిలబడ్డారు. "దయచేసి మళ్లీ ప్రయత్నించండి" అనిపించుకున్నవాడల్లా సంతోషంగా లోపలికి పోతున్నాడు.

గంగాభవాని వంతు వచ్చింది. వేలు పెట్టింది.

"ధన్యవాదాలు," అంది యంత్రం.

ఏడాది పొడుగునా ఆ మాట కోసం నిమ్మచెక్కలు రుద్దాం, మీగడలు రాశాం. అనక అనక ఇవాళ అంది, మహాతల్లి!

"సెలవుల్లో అమ్మ షెడ్డుకి పోనివ్వలేదండి," అంది భవాని, తెల్లబోయి వేలు చూసుకుంటూ. "సదూకోమని గదిలో కూకోబెట్టిందండి. గీతలొచ్చేసినట్టున్నాయండి."

"అయ్యో, గుర్తుపట్టేసిందమ్మా!" అన్నారు చిదంబరం గారు, ఆయన కళ్లల్లో నిజంగానే నీళ్లు తిరిగాయి. "ఇప్పుడెలాగమ్మా? నిబంధన కదమ్మా!" లోపల ప్రశ్నపత్రాల కట్ట విప్పుతున్న చప్పుడు వినబడుతోంది. నూకరాజు గంట కొట్టబోతూ సుత్తి గాల్లోనే ఆపాడు.

భవాని చుట్టూ చూసింది. చెట్టు కింద నా స్కూటరు ఉంది. దాని కింద మడుగు ఉంది, ఏడాదిగా కారీ కారీ చిక్కగా, నల్లగా. ఆ పిల్ల ఒక్క పరుగున వెళ్లి, వంగి, బొటనవేలు అందులో ముంచి, మట్టిలో రుద్ది, మళ్లీ ముంచి, పరుగెత్తుకొచ్చి యంత్రం మీద పెట్టింది.

"దయచేసి మళ్లీ ప్రయత్నించండి."

నూకరాజు ఆ సంతోషంలో గంట ఎన్నిసార్లు కొట్టాడో వాడికే తెలియదు. చిదంబరం గారు నా చెయ్యి పట్టుకుని ఊపేశారు. నేను లెక్కల మాస్టారితో కూడా మాట్లాడబోయి తమాయించుకున్నాను. గుమ్మం దాటుతూ భవాని వెనక్కి తిరిగింది.

"మాస్టారండీ, పరీక్షయ్యాక ఆ గాస్కెట్టు మార్చేత్తానండి. అరగంట పనండి."

"ముట్టుకున్నావంటే ఊరుకోను," అన్నాను. "రేపు ఇంకో పేపరుంది."